సుగుణన్ కూత

కేరళలో మా వడక్కాంచేరిలో సినిమా ఆడుతుందో లేదో తేల్చేది పేపర్లు కావు, సుగుణన్ గొంతు. ముప్పై ఏళ్లుగా జయరేఖ థియేటరు ఎదురుగా టీకొట్టు నడుపుతున్నదాన్ని, ఈ మాట నేను చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు? శుక్రవారం మొదటి ఆటలో హీరో ఏదో అతకని డైలాగు కొడతాడు. ముందునుంచి మూడో వరసలో సుగుణన్ "కూ..." అని కిందినుంచి మొదలుపెట్టి పైకి లాగుతాడు. హాలంతా అందుకుంటుంది. ఇక ఆ సినిమా సంగతి మర్చిపోవాల్సిందే. మావాళ్లకు సినిమా నచ్చకపోతే మాట్లాడకుండా లేచి పోవడం చేతకాదు, కూత పెట్టాలి. ఒకసారి మేనేజరు అతన్ని పక్కకు పిలిచి, ఈ వారం నోరు మూసుకుంటే బిర్యానీ పెట్టిస్తానన్నాడట. బిర్యానీ తిన్నాడు, కూతా పెట్టాడు. "బిర్యానీ కూడా బాగోలేదు చేచ్చీ," అన్నాడు నాతో. మావైపు అక్కను చేచ్చీ అంటారు.

అతను పెంకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అతనికి ఉన్న ఒక్క స్నేహితుడు ఉత్తమన్. ట్యుటోరియల్ కాలేజీలో మలయాళం పాఠాలు చెప్తాడు కాబట్టి ఊరందరికీ ఉత్తమన్ మాష్, అంటే మాస్టారు. ఆట వదలగానే ఇద్దరూ నా బల్ల మీద చేరి, నేంద్ర అరటిపండు బజ్జీలు తింటూ చూసిన సినిమాను చీల్చి చెండాడేవాళ్లు.

"ఫస్టాఫ్ పర్లేదు మాషే. సెకండాఫ్‌లో హీరో దుబాయ్ నుంచి దిగుతాడు చూడు, అక్కడే ఉండిపోయుంటే సినిమా బతికేది."

"ఆ తల్లి పోయే సీనుకి నాకు కళ్లనీళ్లు వచ్చాయిరా."

"నాకూ వచ్చాయి. నిద్ర లేవగానే నాకెప్పుడూ వస్తాయి."

"వాగడం తేలికే. ఒక్క సీను రాసి చూపించు."

"వంట రానోడు కూరలో ఉప్పెక్కువైందని చెప్పకూడదా? చేచ్చీ, నువ్వు చెప్పు."

"నా వంటల జోలికి రాకండి ఇద్దరూ," అనేదాన్ని.

ఈ నవ్వుల వెనక ఒక సంగతి ఉంది, ఊళ్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. తొంభై నాలుగులో సుగుణన్ భార్య ఓమనకు ఎనిమిదో నెలలో ఫిట్స్ వచ్చాయి. ఆస్పత్రిలో చేర్చి, బావమరిది జయరేఖకు పరుగెత్తుకొచ్చాడు. అప్పట్లో హాల్లో ఉన్నవాణ్ణి పిలవాలంటే సినిమా మధ్యలో తెర మీద స్లైడు వేసేవాళ్లు. వేశారు. మంచి ఫైటింగు జరుగుతుండగా తెర మీద అక్షరాలు పడేసరికి జనం కూత లంకించుకున్నారు. ఆపరేటరు భయపడి స్లైడు తీసేశాడు. సుగుణన్ సినిమా పూర్తిగా చూసి బయటికొచ్చాడు. గేటు దగ్గర బావమరిది నిలబడి ఉన్నాడు. ఆస్పత్రికి వెళ్లేసరికి ఓమనా లేదు, బిడ్డా లేదు. ఆమె స్పృహ వచ్చినప్పుడల్లా సుగుణన్ వచ్చాడా అని అడిగిందట.

దహనం నాడు అతను ఏడవలేదు. ఏడాదిపాటు సినిమాకు వెళ్లలేదు. తర్వాత మళ్లీ మొదలుపెట్టాడు, మునుపటికన్నా గట్టిగా. సిగ్గులేనివాడని నేనే తిట్టాను, ఆ పాపం నాది. జయరేఖ తప్ప ఆ మనిషికి వెళ్లడానికి ఇంకో చోటు లేదని నాకు తట్టలేదు.

ఇక మాష్. పంతొమ్మిదేళ్లపాటు ఒకే కథ రాశాడు, చింపాడు, మళ్లీ రాశాడు. కాగితాల సంచీ పట్టుకుని కొచ్చి బస్సెక్కేవాడు, అదే సంచీతో తిరిగొచ్చేవాడు. చివరికి ఒక నిర్మాతకు నచ్చింది. అంతా కొత్త మొహాలతో తీశారు. రచయిత సొంత ఊళ్లో, జనంతో కలిసి మొదటి ఆట చూస్తానని నిర్మాత కబురు చేశాడు. సినిమా ఇక్కడ నిలబడితే రెండో కథకు అప్పటికప్పుడే మాట ఇస్తాడు. కూత పడిందా, సోమవారానికి పోస్టరు మారిపోతుంది, మాష్ రాత ట్యుటోరియల్ నల్లబల్ల దగ్గరే ఆగిపోతుంది. ఇది మా ముగ్గురికీ తెలుసు.

గురువారం సాయంత్రం మాష్ వచ్చి గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. తాగడం లేదు.

"నాకు తెలుసులే మాషే," అన్నాడు సుగుణన్. "రేపు నోట్లో తువ్వాలు కుక్కుకుని కూర్చుంటా."

"అంటే బాగోదనే నీ లెక్క?"

"బాగున్నా అలవాటు కొద్దీ వచ్చేస్తుందేమోనని. నా గొంతు నా మాట వినదు."

మాష్ నవ్వాడు. "అందులో నీకోసం ఒకటి పెట్టాన్రా," అన్నాడు.

"ఏంటది? హీరోకి నా పేరు పెట్టావా? ఆడపిల్లలెవరూ రారు సినిమాకి."

మాష్ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి వెళ్లిపోయాడు.

మర్నాడు కొట్టు కట్టేసి నేనూ వెళ్లాను. సుగుణన్ పక్కనే కూర్చున్నాను. అన్నమాట ప్రకారం భుజం మీది తువ్వాలు తీసి నోటికి అడ్డంగా కట్టుకున్నాడు. అతన్ని అన్నగా పిలిచే వెనక కుర్రాళ్లు చూసి, "సుగుణేట్టన్ నోటికి తాళం వేశాడ్రా," అని నవ్వారు. మాష్, నిర్మాత వెనక వరసలో ఉన్నారు.

సినిమా బాగుంది. స్నేహం కొద్దీ అంటున్న మాట కాదు, నేను మొహమాటపడే మనిషిని కాను. పెంకుల ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి కథ. హాలు చెవులు రిక్కించి కూర్చుంది. ఇంటర్వెల్లో సిగరెట్లు తాగుతూ కుర్రాళ్లు, "ఇందులో ఏదో ఉందిరా," అనుకోవడం విన్నాను. సుగుణన్ తువ్వాలు కిందికి లాగి, "నా మొహంలా ఉండే హీరో కూడా దొరికాడు వీడికి," అన్నాడు. అతని కళ్లు మెరుస్తున్నాయి.

ఇంటర్వెల్ తర్వాత తెర మీద ఒక సినిమా హాలు వచ్చింది. హీరో వేరుశనగకాయలు ఒలుచుకుంటూ సినిమా చూస్తున్నాడు. ఉన్నట్టుండి స్లైడు పడింది. "సుగుణన్ ఎక్కడున్నా వెంటనే గేటు దగ్గరికి రావాలి." అంతదాకా ఆ హీరోను ఎవరూ పేరుపెట్టి పిలవలేదు. పేరు మార్చలేదు మాష్. అక్షరాలు పడగానే తలెత్తి చదవకుండా మొట్టమొదట కూత పెట్టింది ఎవరనుకున్నారు? ఆ హీరోయే. అతను మొదలుపెడితే మిగతావాళ్లు అందుకున్నారు. స్లైడు పోయింది. అతను మళ్లీ కాయలు ఒలుచుకున్నాడు.

ఇరవై నాలుగేళ్లుగా ఊరనుకున్నది వేరు. జనం కూతల్లో సుగుణన్ స్లైడు చూసుకోలేదనుకున్నాం. ఆ కూత మొదలుపెట్టిందే అతనని మాష్ ఒక్కడికే చెప్పుకున్నాడన్నమాట.

పక్కకు తిరిగాను. తువ్వాలు ఒళ్లో పడి ఉంది. నోరు తెరుచుకుంది. కడుపులోంచి ఒక శబ్దం వచ్చింది. కిందినుంచి మొదలై పైకి లేచింది, ఎప్పట్లాగే. నేను అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఏం లాభం? హాలుకు ఆ గొంతు తెలుసు. సుగుణేట్టన్ ఆపుకోలేకపోయాడన్నారు, ఆరువందల గొంతులు అందుకున్నాయి. ఈలలు, నవ్వులు, చేతుల్లో ఫోన్లు. ఆ తర్వాత తెర మీద ఓమన చనిపోయింది. ఒక్క మాట ఎవరికీ వినబడలేదు.

బయట ఫోన్లు పట్టుకున్న పిల్లకాయలు, "సినిమా ఎలా ఉంది, సినిమా ఎలా ఉంది," అని ఎగబడ్డారు. "సుగుణేట్టన్ తీర్పు చెప్పేశాడుగా," అని జవాబు. సాయంత్రానికి ఆ కూత ఫోన్లలో కేరళ అంతా తిరిగింది. నిర్మాత కారు టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. మాష్ మెట్ల మీద ఆగి సుగుణన్‌ను చూశాడు. సుగుణన్ తువ్వాలు మడతపెడుతూ నేల చూశాడు. సోమవారం పోస్టరు మారింది.

"వెళ్లి చెప్పరా, అది కూత కాదని," అని వారం రోజులు పోరాను. కదల్లేదు. అతను వెళ్లకపోతే నాకు కాళ్లు లేవా? నేనే మాష్ ఇంటికి వెళ్లాను.

"నాకు తెలుసు చేచ్చీ," అన్నాడు మాష్, నేను సగం చెప్పకముందే. "వాడు ఏడవాలనే ఆ సీను రాశాను. ఇన్నేళ్లుగా వాడు ఏడవలేదు. చీకట్లో, జనం మధ్యలోనైనా ఏడుస్తాడనుకున్నా. ఆ రోజు నేను సినిమా చూడలేదు, వాడి తలనే చూస్తూ కూర్చున్నా. ఏడ్చాడు. వాడి ఏడుపు ఎలా ఉంటుందో మాత్రం నేను ఆలోచించలేదు."

"బాగుంది. స్నేహితుడి పుండు తీసుకెళ్లి ఊరందరికీ చూపిస్తావా? నీకు రాసుకోవడానికి ఇంకేం దొరకలేదా?"

తల వంచుకున్నాడు. నాకు జాలి వేసింది, కోపం మాత్రం తగ్గలేదు. "పద, వచ్చి ఈ మాట వాడితో అను," అన్నాను.

"ఏ మొహం పెట్టుకుని రమ్మంటావు?"

రాలేదు. ఇప్పుడు బస్టాండుకు కూడా వెనక సందులోంచి వెళ్తున్నాడు. రాయడం మానేశాడని అతని భార్య చెప్పింది.

సుగుణన్ కూడా జయరేఖ మెట్లెక్కడం మానేశాడు. ఎక్కడినుంచో బైకుల మీద కుర్రాళ్లు వస్తారు, "సుగుణేట్టా, ఒక్కసారి కూత పెట్టు, వీడియో తీసుకుంటాం," అంటారు. కాగే నీళ్లు పోస్తానని నేను తరుముతాను. ఒకరోజు అతను వానకు నా కొట్లో ఆగి, పాలు లేని టీ తాగుతుంటే చెప్పేశాను.

"మాష్‌కి నీ మీద కోపం లేదురా. అది ఏడుపని అతనికి తెలుసు."

అతను గ్లాసు మీంచి తలెత్తాడు.

"ఏడుపని నీకెలా తెలుసు చేచ్చీ?"

"పక్కనే కూర్చున్నానుగా, నాకు తెలీదా?"

"నాకు తెలీదు," అన్నాడు. "ఓమన పోయిన రోజు స్లైడు పడ్డప్పుడు వచ్చింది కూడా ఇదే. కొంచెం కూడా తేడా లేదు. నాకున్నది ఒకటే గొంతు."

గ్లాసు బల్ల మీద పెట్టి వానలోనే వెళ్లిపోయాడు. ఎదురుగా మాట్నీ వదిలారు. జనం గొడుగులు విప్పుకుంటూ అతన్ని దాటుకుని వచ్చారు. సినిమా ఎలా ఉందని అతను ఎవరినీ అడగలేదు, అతన్నీ ఎవరూ అడగలేదు.