జాకెట్టులో మూడో వంతు

మొన్న అమలాపురంలో ఆటో దిగుతూ చూద్దును కదా, సెంటర్లో నిలువెత్తు ఫ్లెక్సీ, దాని మీద శాలువా కప్పుకుని మా బావగారు, అంటే మా వారి అన్నగారు, కింద "గణిత బ్రహ్మ" అన్న బిరుదు. నవ్వాగలేదు. ఆ బ్రహ్మగారి లెక్క ఏపాటిదో నా ఈడువాళ్ళకైనా చెప్పుకోకపోతే నాకు అన్నం సయించదు.

తొంభైల్లో మా ఆడపడుచు పెళ్ళికి ఇంట్లో ఆడవాళ్ళందరూ ఒకే రంగు జాకెట్లు వేసుకోవాలని మా అత్తగారు ముచ్చటపడి పది మీటర్ల ఎర్ర పట్టుగుడ్డ తెప్పించారు. రెడీమేడ్ అంటే నామోషీగా ఉండే రోజులవి. జాకెట్టుకి ముప్పావు మీటరు. ఎమ్మెస్సీ లెక్కలు చదివిన బావగారుండగా ఇంకొకరు నోరెత్తుతారా? ఆయన వీధరుగు మీద కూర్చుని, పదిని ముప్పావుతో భాగించడానికి భిన్నాన్ని తిరగేసి గుణించి, పదమూడు జాకెట్లు పోను మూడో వంతు మీటరు మిగులుతుందని, అది మా నాలుగేళ్ళ అమ్మాయి జాకెట్టుకి సరిపోతుందని తీర్పు చెప్పారు. తిరగెయ్యడం నేర్పిన కాలేజీ, వచ్చినదేమిటో చూసుకోవడం నేర్పలేదు కాబోలు.

పి.గన్నవరంలో మాకు ఏళ్ళ తరబడి కుట్టిపెట్టే టైలరు పదమూడూ కుట్టి, మిగిలిన ముక్క మడతపెట్టి తెచ్చి, పాపకి చాల్లేదండీ అని నొచ్చుకున్నాడు. కొలిస్తే పావు మీటరు. అంతే, చుట్టాలందరి ముందూ బావగారు అతన్ని దొంగని చేసేశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. టేపు తెచ్చి, ఆయన చెప్పిన మూడో వంతు జాకెట్టులో మూడో వంతే గాని మీటరులో కాదనీ, ముప్పావులో మూడో వంతంటే పావేననీ గుడ్డ పరిచి మరీ చూపించాను. ఆయన అటు కన్నెత్తి చూస్తేనా!

"లెక్కలు మేం చూసుకుంటాం గానమ్మా, నువ్వెళ్ళి కాఫీల సంగతి చూడు," అన్నారు.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషికి డిగ్రీ కూడా తోడైతే ఇక చెప్పేదేముంది.

"చంటిపిల్ల గుడ్డ నేనెందుకు తీస్తానండీ," అన్నాడు టైలరు, నా వైపు చూసి. కుట్టుకూలి కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు.

పెద్దింటి మాట కదా, ఊళ్ళన్నీ పాకింది. ఆ పెళ్ళిళ్ళ కాలంలో అతని కొట్టు మెట్లెక్కినవాళ్ళు లేరు. మరుసటేడు మిషను అమ్ముకుని గల్ఫు వెళ్ళిపోయాడని తెలిసింది. బావగారు మాత్రం ట్యూషన్లు పెట్టి, ఊరి పిల్లలందరికీ భిన్నాలు తిరగెయ్యడం నేర్పారు.

ఇప్పుడు గుడ్డ కొని కుట్టించుకునేవాళ్ళే తక్కువ, భాగహారాలన్నీ ఫోన్లే చేసేస్తున్నాయి. మనుషులు మాత్రం ఒకసారి విన్నదాన్ని మళ్ళీ కొలిచి చూసుకోవడం మానేశారు. నేనెన్నిసార్లు చెప్పినా, ఇంజనీరింగు చదివిన మా అమ్మాయి ఆ పెళ్ళి ఫొటోలో తన పాత జాకెట్టు చూపించి, కొత్తదాని గుడ్డ ఒక దొంగ టైలరు కొట్టేశాడని ఇప్పటికీ తన పిల్లలకు చెబుతూనే ఉంది.