రకరకాల సంగతులు

ఆమె కోర్టులో అనువాదకురాలు. ఇంగ్లీషు రాని సాక్షులు చెప్పేది జడ్జికి ఇంగ్లీషులో వినిపించాలి. మాటల దగ్గర మహా పట్టింపు మనిషి. "కూరెలా ఉందని నిన్నడిగితే, నువ్వు మాట వెతుక్కునేలోగా అది చల్లారిపోతుంది" అని భర్త ఆటపట్టించేవాడు.

ఆ రోజు బోనెక్కింది బట్టలు కుట్టే ఒకావిడ. ఆవిడ తమ్ముడు వెల్డింగు పని చేస్తాడు. తన యజమాని షెడ్డుకు నిప్పు పెట్టాడని వాడి మీద కేసు. ఆ పూటంతా వాడు జ్వరంతో అక్క ఇంట్లోనే పడుకున్నాడని ఆవిడ సాక్ష్యం. పోలీసులకు ఏం చెప్పావని అవతలి లాయరు అడిగాడు.

"పిలిచినప్పుడల్లా రకరకాల సంగతులు చెప్పానండీ" అందావిడ.

అనువాదకురాలి నోటికి 'డిఫరెంట్' వచ్చింది. 'వేరియస్' అనాల్సింది. అంటే ఎన్నో సంగతులని అర్థమయ్యేది. 'డిఫరెంట్' అనేసరికి, పిలిచిన ప్రతిసారీ మాట మార్చిందన్నట్టయింది. నాలిక కరుచుకునేలోపే లాయరు అందిపుచ్చుకున్నాడు. సాక్షే ఒప్పుకుంటోంది, వినండి, అన్నాడు.

పొరపాటు తనదని, మాట సవరించుకుంటానని ఆమె జడ్జిని వేడుకుంది. సాక్షి మీద జాలితో మాట మెత్తబరుస్తోందని లాయరు అడ్డుపడ్డాడు. రెండిటికీ పెద్ద తేడా ఏముందిలే, కానివ్వండి, అన్నాడు జడ్జి.

కొన్ని వారాలకు వచ్చిన తీర్పులో అక్క సాక్ష్యం నమ్మదగింది కాదని తేల్చారు. తమ్ముడికి జైలు పడింది. పై కోర్టులో చెప్పి చూద్దామన్నాడు వాళ్ల లాయరు, తనకే నమ్మకం లేనట్టు.

వరండాలో బెంచీ మీద కూర్చున్న ఆవిడ దగ్గరికి అనువాదకురాలు వెళ్లి, పక్కన కూర్చుని జరిగింది చెప్పింది. ఆవిడకు అంతుపట్టలేదు. రెండూ ఒకటే కదమ్మా అంది.

"కాదమ్మా. మీ దగ్గర రకరకాల గుడ్డలున్నాయంటే మంచిమాటే. ఒకే చొక్కాకి ఒక చెయ్యి ఒకలా, ఇంకో చెయ్యి ఇంకోలా కుట్టారంటే? నేను ఆ రెండోది అనేశాను."

ఆవిడకు అర్థమైంది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. తిడుతుందని, తిడితే బాగుండునని అనువాదకురాలు ఎదురుచూసింది.

"వాడితో అనకమ్మా" అంది ఆవిడ. "అక్క తడబడిందనే అనుకోనీ. అది ఓర్చుకుంటాడు. ఒక్క మాట వల్ల లోపలికి పోయానని తెలిస్తే మాత్రం తట్టుకోలేడు."

లోపల తర్వాతి కేసు పిలిచారు. బంట్రోతు వచ్చి అనువాదకురాలి కోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆమె లేచి వెళ్లింది.