దేవుడి అలమరలో సత్ప్రసాదం

1981 ఆగస్టులో, మధ్య న్యూజెర్సీలోని ఒక కాథలిక్ హైస్కూల్లో నన్ను రిలిజియన్ డిపార్ట్‌మెంట్ చైర్మన్‌గా నియమించారు. అంతకుముందు కొన్నేళ్లు అక్కడే మామూలు టీచరుగా పనిచేశాను. చైర్మన్ అంటే పెద్ద హోదా ఏమీ కాదు. చెప్పాల్సిన క్లాసు ఒకటి తగ్గుతుంది, కూర్చోవాల్సిన మీటింగులు పెరుగుతాయి. తొమ్మిదో తరగతికి బైబిలు, పదికి జ్ఞానస్నానం, వివాహం లాంటి సంస్కారాలు, పదకొండుకి నీతిశాస్త్రం, పన్నెండుకి ప్రపంచ మతాలు. ఈ వరస నాకంటే ముందునుంచీ ఉంది. లెక్కలకీ ఇంగ్లీషుకీ ఉన్నట్టే రిలిజియన్‌కీ మార్కులుంటాయి, అందులో తప్పితే డిప్లొమా రాదు. పిల్లలు కాథలిక్కులైనా కాకపోయినా అదే నియమం.

మాది గుంటూరు జిల్లా. ముత్తాతల కాలం నుంచీ కాథలిక్కులం. ఈ సంగతి ఇటు అమెరికన్లకీ నమ్మబుద్ధయ్యేది కాదు, అటు మనవాళ్లకీ కాదు. స్కూల్లో తల్లిదండ్రులు నా దగ్గరికొచ్చి హిందూమతం మీద సందేహాలు అడిగేవారు. దగ్గర్లోని పిస్కాటవేలో తెలుగువాళ్లెవరింటికైనా భోజనానికి వెళ్తే, ‘మీరెప్పుడు మారారండీ?’ అని అడిగేవారు. రెండుచోట్లా మర్యాదగానే జవాబు చెప్పేవాణ్ణి. లోపల మాత్రం ఒళ్లు మండేది.

ప్రతి నెలా మొదటి శుక్రవారం ఉదయం జిమ్‌లో స్కూలంతటికీ మాస్ జరిగేది. మేము తెలుగులో దాన్ని పూజ అంటాం. పూజలో ఫాదర్ ఆశీర్వదించిన గోధుమ అప్పం మా విశ్వాసం ప్రకారం ఇక రొట్టె కాదు, క్రీస్తు శరీరమే. దాన్ని సత్ప్రసాదం అంటాం. పూర్వం నాలుక మీదే పెట్టేవారు. అమెరికాలో అప్పటికి కొన్నేళ్లుగా చేతిలోకి తీసుకోవడానికి అనుమతి ఉంది. తీసుకున్నవాళ్లు అక్కడే, ఇచ్చినవారి ఎదుటే నోట్లో వేసుకోవాలి. దాచి బయటికి పట్టుకుపోవడం ఘోరమైన అపచారం. కాథలిక్కులు కాని పిల్లలు లైన్లోకి రాకుండా కుర్చీల్లోనే కూర్చోవాలి. ఇదంతా అందరికీ తెలిసిందేనని మా ధీమా. అందువల్ల ఎవరూ నోరు తెరిచి చెప్పేవారు కాదు.

ఆ అక్టోబరు మొదటి శుక్రవారం సాయంత్రం, పిల్లలు వెళ్లిపోయాక, ప్రిన్సిపాల్ సిస్టర్ మార్గరెట్ నన్ను ఆఫీసుకి పిలిపించారు. స్కూలు చాప్లిన్, అంటే పూజలు జరిపించే ఫాదర్ మైకేల్, అప్పటికే అక్కడ ఉన్నారు. తొమ్మిదో తరగతి మాధవి సత్ప్రసాదాన్ని చేతిరుమాల్లో చుట్టుకుని ఇంటికి తీసుకుపోయిందని తోటి అమ్మాయి ఒకతె చెప్పిందట. స్కూలు నిబంధనల్లో దీనికి ఒకటే శిక్ష: స్కూల్లోంచి తీసేయడం. సోమవారం క్రమశిక్షణ కమిటీ కూర్చుంటుందని సిస్టర్ చెప్పారు. శిక్ష సంగతి తర్వాత, ముందు అది ఎక్కడుందో చూద్దాం పదండి అన్నారు ఫాదర్.

మాధవి తండ్రి ఒక మందుల కంపెనీ లాబ్‌లో సైంటిస్టు. విజయవాడలో ఫాదర్ల స్కూల్లో చదువుకున్నవాడు కనుక కూతురికీ అలాంటి స్కూలే కావాలని ఏరికోరి చేర్పించాడు. తల్లికి అప్పటికే ఒక ఆపరేషన్ అయింది. ఆ కుటుంబం నాకు ముఖపరిచయమే.

మేము వెళ్లేసరికి తండ్రి ఇంకా ఆఫీసునుంచి రాలేదు. మాధవి తలుపు తీసి, నా వెనక ఫాదర్‌ని చూసి బిక్కచచ్చిపోయింది. నేను విషయం అడిగాను.

“అమ్మకి తెచ్చా అంకుల్. మళ్ళీ సర్జరీ చెయ్యాలంట. అందరూ లైన్లో వెళ్తుంటే నేనూ వెళ్ళా. ప్రసాదం కదా, అమ్మకి పెడితే మంచిదని. కింద ఎక్కడా పెట్టలేదు, ప్రామిస్.”

గుడిలో ప్రసాదం చేతిలో పడితే సగం ఇంట్లోవాళ్లకి దాచి తెచ్చే పిల్ల చేసే పని అది. మా స్కూల్లో ఇంకెవరికీ ఆ ఆలోచనే రాదు.

వంటింట్లో ఒక అలమరని దేవుడికి వదిలిపెట్టారు. వేంకటేశ్వరస్వామి పటం ముందు దీపం వెలుగుతోంది. తోమిన వెండి పళ్లెంలో, మడత పెట్టిన తెల్లగుడ్డ మీద, సత్ప్రసాదం ఉంది. స్నానం చేశాక తీసుకుంటానని తల్లి దాన్ని అలాగే ఉంచిందట. నాతో పాటు గుమ్మం దగ్గర బూట్లు విప్పి వచ్చిన ఫాదర్ దాన్ని చూడగానే మోకాలు వంచారు. సత్ప్రసాదం ఎక్కడున్నా అలా చేయడం మా నియమం. ఆయన వంగింది పటానికి కాదని నాకు తెలుసు. మాధవి తల్లికి ఆ తేడా తెలియదు. అక్కడే కూర్చునివున్న ఆమె కుర్చీ పట్టుకుని కష్టమ్మీద లేచి చేతులు జోడించింది.

నేను కూర్చోబెట్టి సంగతంతా చెప్పాను. ఆమె వింటున్నంతసేపూ కూతురి వైపే చూసింది.

“తెలీక తెచ్చిందండీ అన్నయ్యగారూ, దాన్నేమీ అనకండి. మరి ఇంటికొచ్చిన ప్రసాదం వెనక్కిస్తే దోషం కాదూ?”

ఆ మాట ఫాదర్‌కి ఇంగ్లీషులో చెప్పాను. ఏ దోషమూ లేదని, ఇంత శుభ్రంగా ఉంచినందుకు తాను కృతజ్ఞుడినని చెప్పమన్నారు. తర్వాత అక్కడే సత్ప్రసాదం స్వీకరించి, పళ్లెంలో నీళ్లు పోయించుకుని, ఆ నీళ్లు కూడా తాగేశారు. చిన్న తునక కూడా మిగలకూడదన్నది నియమం. “చూడవే, ఎంత భక్తిగా తాగుతున్నారో” అని ఆమె కూతురితో మెల్లిగా అంది. వెళ్లేముందు, ఆమె కోసం ప్రార్థన చేయవచ్చా అని ఫాదర్ అడిగారు. ఆమె తల వంచింది.

తిరుగు ప్రయాణంలో ఫాదర్ ఒకే ఒక్క మాట అన్నారు. చెత్తబుట్ట వెతకాల్సి వస్తుందేమోనని భయపడుతూ వచ్చారట.

సోమవారం కమిటీలో సిస్టర్ నిబంధన చదివారు. కూర్చోవాలని ఆ పిల్లకి మనలో ఎవరు చెప్పారని నేను కొంచెం గట్టిగానే అడిగాను. అందరికీ స్వాగతం అని మాత్రం మొదటిరోజు మైకులో చెప్పాం. ఫాదర్ తాను చూసింది చూసినట్టు చెప్పి, సత్ప్రసాదాన్ని అపవిత్రం చేసిందని రాస్తే అది అబద్ధమవుతుందన్నారు. సిస్టర్ మార్గరెట్ కఠినమైన మనిషి, కానీ అబద్ధం రాసే మనిషి కాదు. మాధవి స్కూల్లోనే ఉండిపోయింది. ఇకమీదట కొత్త పిల్లలందరికీ మొదటి పూజకి ముందే నియమాలు చెప్పే బాధ్యత నాకు అప్పగించారు. అంతటితో ఆ వ్యవహారం ముగిసిందనుకున్నాం.

మార్చిలో మాధవి తల్లి పోయింది. ఆ పిల్ల మళ్లీ స్కూలుకి వచ్చిన రోజున, లంచ్ టైములో నా గదికి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. స్కూల్లో ఎప్పుడూ సర్ అని ఇంగ్లీషులోనే మాట్లాడేది. ఆ పూట తెలుగులో మాట్లాడింది.

“ఆ రోజు అమ్మ అది తినుంటే బతికేదా అంకుల్? హాస్పిటల్లో అమ్మ కూడా అడిగేది. వెనక్కిచ్చేశాం కదా, అందుకేనేమో అని.”

ఓదార్పుగా ఏదో ఒకటి అనేస్తే సరిపోదని అర్థమైంది.

“లేదమ్మా. మా అమ్మ బతికినన్నాళ్లూ ప్రతి ఆదివారం తీసుకుంది. ఆవిడ కూడా జబ్బుతోనే పోయింది. మీ అమ్మ తిన్నా అంతే, వెనక్కిచ్చినా అంతే. నువ్వు తేవడం వల్లా ఏమీ కాలేదు.”

“అమ్మకి చెప్పాల్సింది అంకుల్, ఈ మాట” అని మాత్రం అని, ఆ పిల్ల ఏడుస్తూ కూర్చుంది. బెల్ కొట్టాక కూడా ఆమెను క్లాసుకి పంపలేదు.

రిటైరయ్యేవరకూ ఏటా సెప్టెంబరులో కొత్త పిల్లలకి ఆ మొదటి పాఠం నేనే చెప్పాను. ఎవరు లైన్లోకి రాకూడదో, ఎందుకు రాకూడదో చెప్పేవాణ్ణి. కుర్చీలో కూర్చున్నవాళ్లకి గానీ, వాళ్ల ఇంట్లోవాళ్లకి గానీ దానివల్ల ఏ కీడూ రాదని కూడా ఆ పీరియడ్లోనే చెప్పేవాణ్ణి. మొదటి మాట చెప్పకపోతే స్కూలుకి చిక్కు. రెండోది తప్పక చెప్పాలి. ఆ భయం ఎవరింట్లో ఎవరు మోస్తున్నారో మనకి తెలియదు.