కరుణమ్మగారి కానుగ నూనె

నిన్న కంచికచర్లలో ఎరువుల కొట్టు ముందు కానుగ చెక్క బస్తాలు దింపుతుంటే ఆ చేదు ఘాటు ముక్కుకు తగిలింది. జనం పక్కకు తప్పుకున్నారు. నేను మాత్రం ఎక్కాల్సిన బస్సు వదులుకుని అక్కడే నిలబడ్డాను. ఆ వాసన నాకు కరుణమ్మగారిది. నందిగామ అవతల, కానుగ గింజల నుంచి ఇంజన్లకు పోసే నూనె తీసే చిన్న మిల్లుకు ఆవిడే పెద్ద దిక్కు. మర శబ్దంలో తేడా వస్తే యజమాని కూడా ఆవిడ మొహం వైపే చూసేవాడు. డిప్లొమా పూర్తిచేసి సూపర్‌వైజరుగా చేరిన నేను ఆవిడకు పని నేర్పుదామనే వెళ్లాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. గింజల తేమ చూడటానికి నేను మీటరు తెప్పిస్తే, ఆవిడ ఒక గింజ కొరికి ఉమ్మేసి, ఇంకో ఎండ కావాలనేవారు. మీటరూ అదే చెప్పేది, కాస్త ఆలస్యంగా.

నూనె దగ్గర మాత్రం ఆవిడ మొండి. పీపాలో వారం రోజులు కదలకుండా ఉంచి, మడ్డి అడుక్కు దిగాక పైన తేరిన నూనె మాత్రమే వంచాలి. ఆ వారంలో ఎవరైనా పీపాకు ఆనుకున్నా కసురుకునేవారు. జగ్గయ్యపేట వైపు మిర్చి రైతు వెంకటేశ్వర్లుగారు మా మాట నమ్మి, నీళ్ల ఇంజనుకు డీజిలు మానేసి మా నూనే పోస్తుండేవారు. కరుణమ్మగారు పెళ్లికి మైలవరం వెళ్లిన రోజునే ఆయన క్యానుతో వచ్చారు. చేను వాడిపోతోందన్నారు. ఈ పూటకు డీజిలు పోసుకోమంటే సరిపోయేది. మా నూనె పరువు పోతుందనిపించింది. పీపా నింపి మూడు రోజులైందో వారమైందో సరిగా తెలియలేదు, నూనె పైకి తేటగానే కనిపించింది. వంచి ఇచ్చేశాను.

మర్నాడే ఫోను. సగం తడి పెట్టాక ఇంజను ఆగిపోయిందట. చేను పూత మీద ఉంది. అప్పుడే ఊరి నుంచి వచ్చిన కరుణమ్మగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నన్ను వెంటబెట్టుకుని, తాను విడిగా దాచి ఉంచిన తేరిన నూనె క్యాను, కొత్త ఫిల్టరు తీసుకుని ఆటో ఎక్కారు. ఇంజను పాతదని చెప్పి తప్పించుకోవచ్చని దారిపొడుగునా నేను మాటలు కూడబెట్టుకున్నాను. చేలో దిగాక నోరు తెరిచాను కూడా. ఆవిడ నా వైపు చూడకుండానే రైతుతో అన్నారు.

"ఇంజను తప్పు కాదండి. తేరకుండానే పోశాం. మాదే పొరపాటు."

ఇద్దరం ఫిల్టరు మార్చి, ట్యాంకు కడిగాం. సాయంత్రానికి బోదెల్లో నీళ్లు పారాయి. మళ్లీ మీ నూనె పోయొచ్చా అని వెంకటేశ్వర్లుగారు అనుమానంగా అడిగితే, వారం ఆగగలిగితేనే రమ్మన్నారు ఆవిడ. ఆయన తొమ్మిదో రోజున వచ్చారు.

తిరుగు దారిలో నా తప్పును మాది అని ఎందుకన్నారని అడిగాను.

"పీపా మీద తారీకు రాయంది నేనే కదమ్మా. అంతా నా బుర్రలోనే పెట్టుకున్నా."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. ఏదైనా పాడైతే ఎవరు చేశారని అడగబోయి ఆగుతాను. మాదే అనడం నాకు ఈనాటికీ తేలిగ్గా రాదు. అన్నాక మాత్రం ఎదుటివాళ్ల కళ్లలోకి చూడగలుగుతున్నాను.