పిట్టలకు కట్టిన సీడీ

ఇప్పటికీ ఎక్కడైనా తలుపు మీద 'చెప్పులు బయట విడువవలెను' అని రాసి ఉంటే నాకు ఒళ్లు మండుతుంది. గుడి ముందు ఉంటే సరే. దవాఖాన ముందు ఉన్నా సరే. కానీ నేను ఆ మాట మొదట చదివింది బాన్సువాడలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ తలుపు మీద. ఆ లోపల వెలసిన దేవుడు మా సార్.

తొంభైల చివరి సంగతి. నా డిగ్రీ అయిపోయింది, టైపింగ్ వచ్చు. ఆయన దగ్గర పిల్లలకు పాఠాలు చెప్పే పనికి చేరాను. ఆయన వస్తే లేచి నిలబడాలి. పోతున్నా లేచి నిలబడాలి. చలికాలంలో కూడా ఆ నున్నటి బండల మీద వట్టి కాళ్లతో తిరగాలి, లేకపోతే కంప్యూటర్లకు దుమ్ము పడుతుందట. సార్ బూట్లు మాత్రం టకటకలాడుతూ లోపలిదాకా వచ్చేవి. వాటికి దుమ్ము అంటదు కాబోలు!

కంప్యూటర్ పాడైతే మళ్లీ విండోస్ వేసేది ఆయనొక్కరే. పక్కన నిలబడి చూసి చూసి అది మాకూ వచ్చేసింది. కానీ విండోస్ ఎక్కినంత మాత్రాన పని అయిపోదు. లోపల బొమ్మ చూపించే చిప్పు ఒకటుంటుంది, పాట వినిపించే చిప్పు ఇంకొకటి. ఒక్కోదాన్ని ఒక్కో కంపెనీ చేస్తుంది. వాటితో పని ఎలా చేయించుకోవాలో విండోస్‌కు చెప్పే చిన్న ప్రోగ్రాములే డ్రైవర్లు. కొత్త మదర్‌బోర్డు డబ్బాలో ఒక సీడీ వస్తుంది, అవి అందులో ఉంటాయి. సరిగ్గా ఆ సీడీ పెట్టే వేళకు సార్ మానిటర్‌ను గోడ వైపు తిప్పేవారు.

"పోయి చాయ్ తాగి రాండ్రి," అనేవారు.

మేము తాగి వచ్చేసరికి తెర నిండా రంగులు ఉండేవి. సీడీ ఆయన బ్యాగులోకి పోయి ఉండేది. అక్కడ పనిచేసినన్నాళ్లూ చాయ్‌లు తాగీ తాగీ నాకు ఆకలి చచ్చిందే తప్ప డ్రైవర్ వేయడం ఒక్కసారి కూడా కళ్లతో చూడలేదు.

కొన్నాళ్లకు సొంతంగా ఏదైనా పెట్టుకోవాలన్న పట్టుదల పుట్టింది. మార్కెట్ దారిలో చిన్న మడిగ, ఒక్క షట్టరు గది, కిరాయికి తీసుకున్నాను. పెళ్లి కార్డులు, దరఖాస్తులు టైపు చేయడం, ఇదీ నా వ్యాపారం. నా దుకాణం అని అనుకుంటేనే ఛాతీ రెండింతలయ్యేది. కంప్యూటర్ మాత్రం సార్ దగ్గరే కొనాల్సి వచ్చింది, ఊళ్లో వేరే దిక్కు లేదు. ఆయనే తెచ్చి బిగించారు. డబ్బాలోని సీడీ ఏదని అడిగాను.

"గా సీడీ నా తాన ఉంటది. నీ తాన ఉంటే గీతలు వడ్తయ్. ఫికర్ జెయ్యకు," అన్నారు.

నా మంచికే చెబుతున్నారనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

పెళ్లిళ్ల రోజులు మొదలయ్యాయి. చేతినిండా పని. అప్పుడే, ఎవరో టైపింగ్ కోసం తెచ్చిన ఫ్లాపీలోంచి వైరస్ ఎక్కి నా కంప్యూటర్ లేవనని మొరాయించింది. సీపీయూను తువ్వాలలో చుట్టి, ఆటోలో పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని ఇన్‌స్టిట్యూట్‌కు తీసుకుపోయాను. చెప్పులు విడిచాను. ఒక స్టూలు చూపించారు, కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా ఆయన నా వైపు కన్నెత్తి చూడలేదు.

"ఏం మేడం, మిషిన్ పండుకున్నదా?" అన్నారు చివరికి, పిల్లలంతా వినేలా.

పాతదంతా చెరిపేసి విండోస్ వేశారు. ఇక మానిటర్ తిప్పి నన్ను చాయ్‌కి పంపుతారనుకున్నాను. తిప్పలేదు. కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నారు.

"ఇగ డ్రైవర్లు వెయ్యాలె. గవి గంత జల్ది అయితయా? ఒక పని జెయ్. రేపటి సంది పొద్దుగాల వచ్చి క్లాసులు చెప్పు. నాకు వీలు దొరికినప్పుడు ఏస్త."

"సార్, ఇది లగ్గాల సీజన్. కార్డులు ఇయ్యకపోతే నా దుకాణం మూసుకునుడే."

"మూసుకో. ఆడపిల్లవు, దుకాణం నీకెందుకు? నీ కుర్చీ ఈడ గట్లనే ఉన్నది."

అప్పుడు అర్థమైంది, ఆయనకు కావాల్సింది నా కంప్యూటర్ బాగుపడటం కాదు. నేను ఆ మడిగకు తాళం వేసి మళ్లీ వచ్చి ఆయనను చూసి లేచి నిలబడటం.

"నా సీడీ నాకియ్యిండ్రి సార్. నేనే ఏసుకుంట."

"నువ్వా?" అని ఆయన నవ్వారు. ఆయన నవ్వారు కాబట్టి పిల్లలు కూడా నవ్వారు. నేను అక్షరం అక్షరం నేర్పిన పిల్లలు!

 సీపీయూ ఎత్తుకుని విసవిసా బయటికి వచ్చేశాను. కోపంలో చెప్పులు మరిచిపోయి రోడ్డు దాకా వచ్చాను, కాళ్లు కాలి మళ్లీ వాటి కోసం వెనక్కి పోవాల్సి వచ్చింది. వాళ్లు అప్పుడూ నవ్వారు. ఈ మనిషి బూట్లు నా గడప బయట విడిపించకపోతే నేను నేనే కాదని ఆ ఎండలో నిలబడి ఒట్టు పెట్టుకున్నాను.

ఒట్టు సరే, కార్డులు ఎట్లా? డ్రైవర్ లేని తెర మీద అక్షరాలన్నీ గుమ్మడికాయలంత కనిపించేవి. రంగులు లేవు. పెళ్లి కార్డు మీది వినాయకుడు నల్లటి బొగ్గు ముద్దలా ఉన్నాడు. 'సరే' అని నొక్కాల్సిన మీట తెర కిందికి జారిపోయి కనిపించేదే కాదు. నిజామాబాద్ పోయి దుకాణాల్లో అడిగాను. నీ బోర్డు పాతది, ఆ సీడీ మా దగ్గర ఉండదు అన్నారు. ఇంటర్నెట్ అప్పట్లో ఫోను తీగ మీద నడిచేది, డ్రైవర్ సగం దిగేసరికి లైను తెగేది. దుకాణానికి వచ్చినవాళ్లంతా "కార్డులు ఎప్పుడిస్తవ్ బిడ్డా?" అని అడిగి, నా మొహం చూసి, వేరే ఊళ్లో వేయించుకుంటామని పోవడం మొదలుపెట్టారు.

అందరికన్నా ముందు ఇవ్వాల్సిన కార్డులు నిజాంసాగర్ కాలువ పక్క క్యాంపులో ఉండే ఒకావిడవి. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊళ్లను మా వైపు క్యాంపులంటారు. ఆవిడ కూతురి పెళ్లి. ఇంకొన్ని రోజులు ఆగమని బతిమాలుకోవడానికి ఆటో ఎక్కి వాళ్ల ఇంటికి పోయాను. ఆ పని కూడా చేజారితే షట్టరు దించి సార్ గడప తొక్కడమే. దారి పొడుగునా ఆ కుర్చీయే కళ్లముందు కనబడింది.

వాళ్ల ఇంటి వెనకే పొలం. వరి పాలు పోసుకుని ఉంది. చేను మధ్య కర్రలు పాతి, దారాలు కట్టి, ఏవో వేలాడదీశారు. ఎండకు తళుక్కుమని కళ్లలో పొడుస్తున్నాయి.

"అమ్మా, గా పొలంల మెరుస్తున్నయేంది?" అని అడిగాను.

"పిట్టలకమ్మా," అంది ఆవిడ. "మా అబ్బాయి బాన్సువాడలో మీ సారు దగ్గరే కంప్యూటర్ కొన్నాడు కదా, ఆ డబ్బాలో వచ్చిందొకటి. ఇవి దేనికీ పనికిరావు, చేలో కట్టుకోండి, పిట్టలు రావు అని ఆయనే చెప్పాడు. క్యాంపులో కొన్నవాళ్ల సీడీలన్నీ తెచ్చి మా చేలోనే కట్టామమ్మా."

నేను గట్టు మీద అట్లాగే నిలబడిపోయాను. సార్ బోర్డులన్నీ ఒకే రకం, ఒక్కసారే తెచ్చేవారు. అన్నిటికీ ఒకటే సీడీ సరిపోతుంది. ఒకటి తన బ్యాగులో పెట్టుకున్నారు. మిగిలినవి ఎవరి చేతుల్లోనైనా ఉంటే ఆయన దగ్గరికి ఎవరు వస్తారు? అందుకని పిట్టలకు కట్టించారు. ఎంత పాపిష్టి తెలివి! ఏ సీడీ కోసం నేను ఊరూరూ తిరుగుతున్నానో అది ఈ క్యాంపులో పిచ్చుకలను బెదిరిస్తోంది.

చీర కుచ్చిళ్లు ఎగదోపి చేలోకి దిగాను. మోకాళ్ల దాకా బురద. ఒక్కో సీడీని తిప్పి చూశాను. నా బోర్డు డబ్బా మీద ఉన్న బొమ్మే వాటి మీదా ఉంది.

"అమ్మా, గివి నాకిస్తవా?"

"అయ్యో, పిట్టలు పడతాయమ్మా!"

"వీటికి బదులు ఇంకా మంచిగ మెరిసేటివి తెచ్చి నేనే కడ్త. నీ బిడ్డ కార్డులు కూడా టైముకే ఇస్త."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఎండ దెబ్బ తగిలిందనుకుందో ఏమో, మజ్జిగ ఇచ్చి, సీడీలు విప్పుకోమంది.

దుకాణానికి వచ్చి వాటిని సబ్బునీళ్లతో కడిగి, పాత నూలు చీర ముక్కతో తుడిచాను. మొదటిది పెడితే డ్రైవ్ కాసేపు గరగరమని ఊరుకుంది. రెండోదీ అంతే. పిట్టల రెట్టలు, ఎండ, వాన, వాటి గతి అట్లా అయింది. ఒక్కొక్కటీ పక్కన పడేస్తుంటే నా ధైర్యమూ దానితోపాటే పోతోంది. చిట్టచివరికి ఒక సీడీ తెరుచుకుంది. ఏది నొక్కాలో తెలియదు. కనిపించినదల్లా చదివి, తోచినది నొక్కాను. కంప్యూటర్ ఆగి మళ్లీ లేచింది. తెర ఒక్కక్షణం నల్లబడింది. తర్వాత రంగులు వచ్చాయి. వినాయకుడు ఎర్రగా, పచ్చగా, నిండుగా కూర్చుని ఉన్నాడు.

ఏడ్చేశాను. సంతోషంతో కాదు, మంటతో. ఇంతేనా? చదవడం వచ్చినవాడెవడైనా చేసుకోగల ఈ పనికా మానిటర్లు తిప్పింది? దీనికా నన్ను వట్టి కాళ్లతో స్టూలు మీద కూర్చోబెట్టింది?

కార్డులు అనుకున్న రోజుకే ఇచ్చాను. పోయినవాళ్లలో చాలామంది తిరిగి వచ్చారు. దుకాణం నిలబడింది. నా కసి మాత్రం తీరలేదు, అప్పుడే మొదలైంది. పెళ్లి కార్డు వెనక కింది అంచున దుకాణం పేరు చిన్న అక్షరాల్లో వేసుకోవడం మా వ్యాపారంలో రివాజు. ఆ పేరు కింద నేను ఇంకో మాట చేర్చాను: 'కంప్యూటర్ కొన్నవారు డబ్బాలోని సీడీని పిట్టలకు కట్టవద్దు. అందులో డ్రైవర్లు ఉన్నవి. భద్రపరచుకొనగలరు.'

"లగ్గపత్రిక మీద గిదేంది బిడ్డా?" అని అడిగినవాళ్లు ఉన్నారు.

"మంచి మాటనే గద పెద్దనాయినా. పదిమందికి పనికొస్తది," అనేదాన్ని.

సార్ ఊళ్లో పెద్దమనిషి. ఏ ఇంట్లో శుభకార్యమైనా మొదటి పిలుపుల్లో ఆయన ఉండేవారు. పసుపు అంచుతో, అక్షింతలతో, రెండు చేతులా ఆయనకు అందించిన ప్రతి కార్డు వెనకా ఆ మాట ఉండేది. ఆయన కార్డు తీసుకోగానే తిరగేసి చూసి మొహం మాడ్చుకుంటున్నారని ఎవరో చెబితే ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. క్రమంగా జనం కొత్త కంప్యూటర్ కొంటే సీడీ అడిగి తీసుకోవడం మొదలుపెట్టారు. దాన్ని నా దగ్గరికి తెచ్చి, ఇంకో కాపీ చేసి ఉంచమనేవారు. నా సొరుగులు నిండిపోయాయి. డ్రైవర్లు వేసేటప్పుడు నా మానిటర్ మొహం ఎప్పుడూ రోడ్డు వైపే ఉండేది. ఎవరు నిలబడి చూసినా చూడనిచ్చాను, అడిగితే చెప్పాను.

ఏళ్లు గడిచాయి. ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ మీదనే పరీక్షలు రాయించే రోజులు వచ్చాయి. ఒక ఉదయం నా దుకాణం ముందు ఆయన నిలబడి ఉన్నారు. జుట్టు నెరిసింది. బూట్లు మాత్రం అట్లాగే మెరుస్తున్నాయి.

"రేపు పరీక్ష ఉన్నది. పరీక్ష నడిపే పెద్ద మిషిన్ల విండోస్ మల్ల ఏసిన. డ్రైవర్ సీడీ పెడితే లోపల్నే పలిగింది," అన్నారు గొంతు తగ్గించి. "నెట్ల దింపుదామంటే లైను లేదు. పరీక్ష నడవకపోతే సెంటర్ తీసేస్తరు."

"గదే రకం మిషిన్లు ఇంకా తెప్పిచ్చిండ్రు గద సార్? వాటి సీడీలు?"

 "పొలాలకు ఇచ్చిన," అన్నారు.

ఆ మాట మరోసారి చెప్పించుకోవాలనిపించింది. చెప్పించుకున్నాను కూడా, వినబడలేదని. ఆయనకు కావాల్సిన సీడీ నా సొరుగులోనే ఉంది. అదే రకం బోర్డు కొన్న ఒకాయన కాపీకి ఇచ్చి పోయాడు. ఇన్‌స్టిట్యూట్ నడుచుకుంటూ పోయేంత దూరమే. నేను పోవచ్చు. ఊహూ!

"మిషిన్ ఈడికి తీస్కరాండ్రి సార్," అన్నాను.

ఆయన మార్కెట్ దారంతా, కూరగాయల వాళ్ల మధ్య నుంచి, సీపీయూను రెండు చేతులా మోసుకుని వచ్చారు. గడప దాటబోతుంటే, "చెప్పులు బయట విడువుండ్రి, దుమ్ము వడ్తది," అన్నాను. ఆయన నా వైపు చూశారు. సీపీయూ కింద పెట్టి, వంగి, లేసులు విప్పారు. నేను స్టూలు చూపించాను. కూర్చున్నారు. చేతిలో ఉన్న దరఖాస్తులన్నీ టైపు చేసేదాకా ఆయన వైపు చూడలేదు.

తర్వాత సీపీయూ తగిలించి, సీడీ చేతిలోకి తీసుకుని, రోడ్డు వైపున్న మానిటర్‌ను నా దుకాణం పుట్టాక మొట్టమొదటిసారి గోడ వైపు తిప్పాను.

"పోయి చాయ్ తాగి రాండ్రి సార్."

వెళ్లారు. వట్టి కాళ్లతోనే వెళ్లారు. తిరిగి వచ్చేసరికి తెర నిండా రంగులు ఉన్నాయి, సీడీ నా సొరుగులో ఉంది.

"గా సీడీ ఒక కాపీ ఇస్తవా?" అని అడిగారు.

"నా తాన ఉంటే జాగ్రత్తగ ఉంటది సార్. ఫికర్ జెయ్యకుండ్రి."

 "నీకు కంప్యూటర్ నేర్పింది నేను," అన్నారు.

"చాయ్ తాగి వచ్చుడు నేర్పిండ్రు సార్. గంతే."

 గడప బయట కూర్చుని బూట్లు తొడుక్కున్నారు. సీపీయూ ఎత్తుకున్నారు. పోతూ పోతూ ఒకసారి వెనక్కి చూశారు, అలవాటు కాబోలు.

నేను కుర్చీలోంచి లేవలేదు.