నీళ్లకు విడిచిన అంగడి

మా సారు పోయిన నెల కరీంనగర్‌లో కన్నుమూశారు. ఫోన్‌లో సారు భార్య, మా మేడం, ఆ మాట చెప్పగానే నాకు ముందు దుఃఖం రాలేదు, భయం వేసింది. ఆయనకు నేనొక అబద్ధం చెప్పాను. దాన్ని దిద్దుకునే వీలు ఇక లేదు.

గోదావరి ఒడ్డున ఉన్న మా చిన్న పట్టణంలో ఆయన టౌన్ ప్లానింగ్ ఆఫీసరుగా చేశారు. నేను ఆయన దగ్గర నక్షాలు గీసేదాన్ని. ఉద్యోగంలో చేరిన రోజే కంప్యూటర్ ముందు కూర్చోబోతే, "లే బిడ్డా, ముందుగాల వాడ సూద్దాం పా" అని ఏటి ఒడ్డు వాడకు తీసుకుపోయారు. చేతిలో చిన్న డబ్బా, అందులో నీళ్లు పోసి కలిపిన జాజు, అంటే ఎర్రమట్టి. ప్రతి ఇంట్లో పెద్దావిడను పిలిచి, వరద ఎంతవరకు వచ్చిందో ఆమె చేతనే గోడ మీద ఎర్రగీత గీయించేవారు. ఇంటాయన ఏదో చెప్పబోతే నవ్వి ఊరుకునేవారు.

"మొగోళ్లు ఇల్లు కట్టే పర్మిషన్ కోసం గీత కిందికి దించుతరు. బియ్యం డబ్బా ఏడికి ఎక్కిచ్చిండ్రో ఆడోళ్లకు యాదుంటది" అని తరువాత నాతో అన్నారు. ఆ గీతలన్నీ కొలిచి నక్షాలోకి ఎక్కించాం.

ఆయనకు కోపం తక్కువేమీ కాదు. కొలత తప్పితే ఆ పూటంతా నాతో మాట్లాడేవారు కాదు. టీ మాత్రం ఇద్దరికీ తెప్పించేవారు.

ఆ పద్ధతి ఎలా అబ్బిందో ఒకసారి చెప్పారు. ఉద్యోగం కొత్తలో ఏటి పొడవునా ఎత్తుగా గోడ కట్టించారట. ఏరు గోడ దాటలేదు. కానీ వాడలో పడ్డ వాననీళ్లకు బయటికి పోయే దారి లేక ఇండ్లు మునిగాయి. నడుము లోతు నీళ్లలో నిలబడి ఒక ముసలామె అడిగిందట, "సారూ, గోడ ఏటికి గట్టినవా, మాకు గట్టినవా?" అని. ఇది చెబుతూ ఆయన తల దించుకున్నారు. ఆ తరువాతే వాననీళ్లు ఏట్లోకి పోయేందుకు గోడకు తలుపులు పెట్టించారు. ఏరు పొంగి తలుపులు మూసినప్పుడు వాడ నీళ్లు నిలిచేందుకు ఒక పల్లపు జాగా విడిచి, చుట్టూ ఎత్తైన అరుగులు కట్టించారు. ఎండ రోజుల్లో అక్కడ కూరగాయల అంగడి. పెద్దవాన పడితే అది నీళ్లది.

ఈ ఏడాది కొత్త ప్లాన్‌లో ఆ జాగాను పూడ్చి షాపులు చూపించమన్నారు పైవాళ్లు. నేను నోరు మెదపకుండా గీశాను. రిటైరై కరీంనగర్‌లో మంచం పట్టిన సారు ఒకరోజు ఫోన్ చేశారు.

"అంగడి జాగ ఎట్లున్నది బిడ్డా?"

"అట్లనే ఉన్నది సార్."

"మంచిది" అన్నారు. అదే మా ఆఖరి మాట.

సారు పోయిన పదకొండో రోజున వాళ్ల ఇంటికి వెళ్లి మేడంతో అంతా చెప్పేశాను. ఆమె తొణకలేదు.

"సారుకు ఎరుకేనమ్మా. నక్ష పేపర్ల వడ్డది, నేనే సూపిచ్చిన."

"మరి నన్నెందుకడిగిండ్రు మేడం?"

"నువ్వే జెప్తవేమో అని సూశిండ్రు. పిల్ల భయపడ్డది అన్నరు, గంతే."

తిట్టి ఉంటే బాగుండేది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

మర్నాడు ఫైలులో నోట్ రాశాను. ఆ నీళ్లకు వేరే చోటు లేదని తెలిసీ షాపులు గీశానని, వాటిని తీసేయాలని రాసి, గోడల మీది ఎర్రగీతల కొలతలు జతచేసి సంతకం పెట్టాను. ఇప్పటి ఆఫీసరు చదివి పక్కన పెట్టారు. ఏమవుతుందో ఇంకా తెలియదు.

నిన్న పగలంతా కుండపోత. ఏరు పొంగి తలుపులు మూశారు. నేను అంగడికి వెళ్లాను. ఒక్క ఇంట్లోకీ నీళ్లు పోలేదు. కూరగాయలు అమ్మే ఆడవాళ్లు గంపలు అరుగుల మీదికి ఎక్కించుకుని, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. "రేపటికల్లా నీళ్లు గుంజుతయ్ మేడం, ఫికర్ జెయ్యకు. టమాటలు గావాల్నా?" అంది ఒకామె. తక్కెడ పట్టుకుని అరుగు మీంచి వంగింది. నక్షాలో షాపులు గీసిన చోట, మోకాలి లోతు నీళ్లలో నిలబడి, నేను సంచి చాపాను.