నీళ్లలో లేచిన గీత

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే పని ఉందని లేచి వెళ్లిపోయే మనిషిని నేను. మా ఇంట్లో గొర్రెలకు దిష్టి తీస్తున్నా నవ్వేదాన్ని. కంటికి కనిపించని క్రిముల్ని పట్టుకోవడమే నా ఉద్యోగం. కనిపించనిదల్లా దయ్యం కాదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా ఇది రాస్తున్నాను. కొట్టిపారేద్దామని ఏడాదిగా చూస్తున్నాను, నా వల్ల కావడం లేదు.

నేను వికారాబాద్‌లో ఒక పరిశోధన ప్రాజెక్టులో టెక్నీషియన్‌ని. మా దగ్గర టిఫిన్ డబ్బా అంత మిషన్ ఒకటి ఉంటుంది. అందులో నాలుగు గడులు, ఒక్కో గడిలో గోరంత చిప్పు. చిప్పు మీద కంటికి ఆనని గుంటలు వేలకు వేలు ఉంటాయి. ఒక్కో చిప్పుకు ఒక్కో రకం బ్యాక్టీరియా మాత్రమే అతుక్కునే పూత వేస్తారు. పాలో, నీళ్లో, రక్తమో ఒక చుక్క వేసి వెలుతురు పంపిస్తే, బ్యాక్టీరియా అతుక్కున్నప్పుడు తిరిగి వచ్చే వెలుతురు రంగు పిసరంత మారుతుంది. స్క్రీన్ మీద గీత పైకి లేస్తుంది. ఏమీ లేకపోతే చదునుగా సాగిపోతుంది. ల్యాబులో రెండు రోజులు పట్టేది ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది.

నాలుగో గడి దొమ్మరోగానిది, అంటే ఆంత్రాక్స్‌ది. గొర్రెలకు వచ్చి వాటి నుంచి మనుషులకు అంటుకునే రోగం.

రోజూ పొద్దున పని మొదలుపెట్టే ముందు శుద్ధి చేసిన నీళ్లతో ఖాళీ పరీక్ష చేయాలి. నాలుగు గీతలూ చదునుగా రావాలి. ఏదైనా గీత లేచిందంటే చిప్పు పాడైనట్టు. ఆ రికార్డు తుడిచేసి, చిప్పు మార్చి ముందుకు పోవాలి. అది మా రూలు. నేను రూలు తప్పే మనిషిని కాదు.

ఆ సోమవారం ఖాళీ పరీక్షలో నాలుగో గీత కొంచెం లేచింది. వట్టి నీళ్లలో దొమ్మ ఏమిటి? తుడిచేసి చిప్పు మార్చాను. మంగళవారం మళ్లీ లేచింది, ముందు రోజు కంటే ఎత్తుగా. తుడిచేశాను. బుధవారం కొత్త ప్యాకెట్టు విప్పాను, కొత్త నీళ్ల సీసా తీశాను. గీత ఇంకా పైకి పోయింది. విసుగొచ్చి మా సార్‌కు ఫోన్ చేస్తే, ఆ గడి మూసేసి మిగతా మూడింటితో పని కానివ్వమన్నారు. ఆ రోజు రికార్డునూ తుడిచేసి, నాలుగో గడి మీద టేపు అంటించాను.

గురువారం పొద్దున అక్క ఫోన్ చేసింది. అక్కావాళ్లది బంట్వారం దగ్గర ఊరు. మా బావకు గొర్రెల మంద ఉంది.

"చెల్లే, మీ బావకు జరం తగ్గుతలేదే. చెయ్యి మస్తు ఉబ్బింది. తాండూరు తోల్కపోతున్నం. జర జల్ది రావే."

మిషన్ సంచిలో పెట్టుకుని రైలెక్కాను. తాండూరు ఆసుపత్రిలో బావ మంచం మీద వణుకుతూ పడి ఉన్నాడు. కుడిచేతికి పాత గుడ్డ కట్టి ఉంది. ముల్లు గుచ్చుకుంటే ఆకుపసరు కట్టానని, విప్పితే విషం ఎక్కుతుందని డాక్టరమ్మను చెయ్యి ముట్టనివ్వలేదట. ఆవిడ జ్వరానికి మందులు మొదలుపెట్టింది.

ఆవిడను అడిగి ఒక చుక్క రక్తం తీసుకున్నాను. మూడు గడుల్లో వేశాను. మూడు గీతలూ చదునుగా వచ్చాయి.

"ఏమొచ్చిందే?" అని అక్క నా భుజం పట్టుకుంది.

"ఏం లేదక్కా, భయపడకు" అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నాకే అసహ్యం.

మధ్యాహ్నానికి బావ సోయి తప్పుతూ చెయ్యి మంచానికేసి రుద్దుకున్నాడు. గుడ్డ జారింది. చూపుడువేలు కింద బొగ్గులా నల్లటి పుండు, చుట్టూ వాపు. అలాంటి దొమ్మ పుండు బొమ్మ మా ల్యాబు గోడ మీద రోజూ చూస్తాను.

"అక్కా, మందల గొర్రె గిట్ల పడ్డదా?"

అక్క బావ వైపు చూసింది. బావ కళ్లు తెరిచి, "చెప్పకు" అన్నాడు.

ఎందుకు వద్దన్నాడో నాకు తెలుసు. నేనూ ఆ ఇళ్లలో పుట్టినదాన్నే. ఉన్నట్టుండి పడి చచ్చిన గొర్రెను మావాళ్లు పారేయరు. కోసి పోగులు వేసి ఇంటికింత పంచుకుంటారు. చిన్నప్పుడు నేనూ తిన్నాను. కానీ ఆ సంగతి బయటికి చెప్పరు. మందలో రోగముందని తెలిస్తే ఇక ఆ గొర్రెల్ని కొనేవాడుండడు.

"చెప్పవే అక్కా! మనిషి పోతుండు!" అని అరిచాను. వార్డంతా మా వైపు తిరిగింది.

"శనివారం ఒకటి పడ్డదే. ముక్కుల నుంచి నెత్తురొచ్చింది. మీ బావనే తోలు తీసిండు. కత్తి గీస్కపోయింది. సోమవారం పొద్దుగాల పొక్కు లేసింది."

నీళ్లలో మొదటిసారి గీత లేచిందీ ఆ సోమవారం పొద్దుననే. టేపు పీకి, కొత్త చిప్పు పెట్టి నాలుగో గడిలో రక్తం వేశాను. ఇరవై నిమిషాలు అక్కర్లేకపోయింది. ఆరు నిమిషాలకే గీత స్క్రీన్ అంచును తాకింది.

డాక్టరమ్మ వెంటనే మందులు మార్చింది. ఊళ్లో పోగులు తీసుకున్న నాలుగిళ్లకూ మాత్రలు పంపించారు. వాళ్లకేమీ కాలేదు. బావ ఒంట్లో మాత్రం విషం అప్పటికే పాకిందని, మూడు రోజుల కిందట మొదలుపెట్టి ఉంటే వేరుగా ఉండేదని ఆవిడ నాతో మెల్లగా అంది. దేవుణ్ణి నమ్మని నేను ఆ రెండు రోజులూ పేరు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. శనివారం మధ్యాహ్నం బావ పోయాడు.

తర్వాత నేను తుడిచేసిన మూడు రికార్డులను మా సార్ మిషన్‌లోంచి వెనక్కి తీశారు. బావ రక్తం గీతతో కలిపి నాలుగూ ఒకే కాగితం మీద వేశారు. ఒకే మనిషికి వరుసగా నాలుగు రోజులు పరీక్ష చేస్తే రోగం ఎలా ముదురుతుందో అలా ఉన్నాయి. సార్ మాత్రం ఎక్కడో బయటి క్రిమి కలిసి ఉంటుందన్నారు.

నేను అక్కావాళ్ల ఊరికి పోయి అప్పటికి రెండు నెలలు. ఆ ఊరి పాలు గానీ, నీళ్లు గానీ మా ల్యాబుకు రాలేదు. ఆ చిప్పుల్నీ నీళ్లనూ వేరేచోట పరీక్ష చేయించాం, ఏమీ లేదు. మిషన్‌లో లోపం దొరకలేదు. అదే మిషన్, అదే ప్యాకెట్టు. ఆ బుధవారం తర్వాత ఒక్కసారి కూడా నీళ్లలో గీత లేవలేదు. వికారాబాద్‌లో తాళం వేసిన గదిలో ఉన్న మిషన్‌కు బంట్వారం దగ్గరున్న మనిషి ఒంట్లో సంగతి ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరు చెప్పాలనుకున్నారో, నాకే ఎందుకు చెప్పారో అసలే తెలియదు.

అక్క ఊళ్లో అందరికీ నన్ను గొప్పగా చెబుతుంది. మా చెల్లె మిషన్ లేకుంటే ఇంకా ఎన్ని పీనుగులు లేస్తుండెనో అంటుంది. నేనేమో అక్కడ తలెత్తలేను.

మొన్న పోయినప్పుడు రొట్టెలు చేస్తూ చేస్తూ ఆగి అడిగింది. "ఒక్క మూడు దినాలు ముందు తెలుస్తే మీ బావ బతుకుతుండెనా చెల్లే?"

"ముందు తెలిసే దారి లేకుండె అక్కా" అన్నాను.